భవాని చేతి చారు

శీతాకాలంలో ఛాతీ పట్టేసి ఆయాసపడే మనిషికి మండపీతల చారు పూటపూటా పోస్తే కఫం కరిగి ఊపిరి తేలికవుతుందన్నది ఆ పాలెంలో చిన్నా పెద్దా అందరి నమ్మకం. అల్లవరానికి దిగువన, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటుకి దగ్గరగా ఉన్న పాలెం అది. మార్గశిరం వచ్చిందంటే తెల్లవారిన చాలాసేపటిదాకా ఏటి మీద మంచు లేవదు. పడవల మీద, రొయ్యల చెరువు గట్ల మీద బతికే మనుషులకి రొంపా దగ్గూ తప్పవు. వేడి చారు గొంతులో పడగానే ముక్కు కారుతుంది, నుదుట చెమట పడుతుంది, మిరియాల ఘాటుకి గొంతు తెరుచుకుంటుంది. మామూలు జలుబు, చారు తాగినా తాగకపోయినా, వారం తిరిగేసరికి పోతుంది. అలా పోయిన జలుబులన్నీ చారు గొప్పతనం కింద మిగిలాయి. పోయిన మనుషులు తలరాత కింద మిగిలారు.

ఆ చారు కాయడంలో గంగాభవానికి సాటివచ్చే మనిషి పాలెంలో లేదు. జ్వరం పడి లేచినవాడికి కొరమీను తలకాయ చారు, నడుం పట్టినవాడికి మేక కాళ్ళ సూపు, పసిపిల్లలున్న ఇంటికి ములగాకు నీళ్ళు: దేనికి ఏది కాయాలో చెప్పించుకోవడానికి ఆడవాళ్ళు ఆమె గుమ్మంలోకే వచ్చేవారు. అన్నిటిలోకీ పెద్దది పీతల చారు. మడచెట్ల వేళ్ళ కింద పట్టిన మండపీతని డొప్ప ఊడదీసి, కాళ్ళూ గిట్టలూ రోట్లో వేసి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, అల్లం చేర్చి పచ్చిగానే నూరేది. ఆ ముద్దని నీళ్ళలో పిసికి, పాత పంచెగుడ్డలో వడకట్టి, మట్టికుండలో పోసి, చింతపండు ఉందా లేదా అన్నట్టు పిండి, కరివేపాకు రెబ్బలు తుంచి వేసి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా కాచేది. పులుసుకీ చారుకీ మధ్యగా, గరిటె మీద నిలిచేలా ఉండేది ఆ చారు.

"ఉప్పు చూసుకున్నావా వదినా, కాస్త ముదిరినట్టుంది," అంది పక్కింటి కనకదుర్గ, ఆ ఏడాది చలి మొదలైన కొత్తలో, వేలి కొసన రుచి చూసి. ఆమె మామగారికి ఛాతీ పట్టేస్తే నేర్చుకోవడానికి వచ్చింది.

"నాలిక్కి చాలినంత వేస్తే అది కూరమ్మా. ఛాతీకి పోసే చారుకి ఆ పైన ఇంకో గుప్పెడు పడాలి. రాళ్ళుప్పు దండిగా పట్టకపోతే కఫం కరగదు."

గుమ్మం పక్కన మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న బంగారరాజు దగ్గు ఆపుకుంటూ అందుకున్నాడు. "వేసుకో దుర్గా, భయపడకు. మీ వదిన చారు పడితే పాడె మీదోడు లేచి ఇంకో గిన్నె అడుగుతాడు."

"నోరు మంచిది కాదు నీది, మావా," అంది భవాని, కోపం లేకుండానే.

బంగారరాజు ఆమె మొగుడు. యాభై దాటినవాడు. చాలా ఏళ్ళు పడవ నడిపి, తరువాత రొయ్యల చెరువులకి కాపలా కుదిరాడు. చెరువు గట్టు మీద తాటాకు పాకలో రాత్రంతా చలిగాలికి కూర్చునే పని. ఆ మార్గశిరంలో గట్టు ఎక్కుతుంటే ఊపిరి అందక నాలుగు అడుగులకోసారి నిలబడసాగాడు. పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోందన్నాడు. కాళ్ళు చీలమండల దగ్గర వాచాయి. చలి ఎక్కిందన్నారు అందరూ. భవాని చారు కాచి పోసింది. తగ్గలేదు. ఇంకాస్త చిక్కగా కాచింది. చివరికి పాలెంలో ఆటో నడిపే పేతురుని పిలిచి అమలాపురం తీసుకెళ్ళింది.

డాక్టరు విజయ్ కుమార్ పరీక్షలన్నీ చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇది చలికి వచ్చిన జబ్బు కాదమ్మా. గుండె నీరసించింది. తోడాల్సినంత రక్తాన్ని తోడలేకపోతోంది. అందుకే కాళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ నీరు దిగుతోంది. ఆయాసం ఆ నీటివల్ల, కఫంవల్ల కాదు."

"ఆయ్."

"నీరు తీసే మాత్రలు రాస్తున్నాను. ఉప్పు మానిపించాలి. తాగే నీళ్ళూ, మజ్జిగా, టీ అన్నీ కలిపి రోజంతటికీ ఈ సీసాడే." బల్ల మీది మంచినీళ్ళ సీసా చూపించాడు.

"ఏట్లో పుట్టినోడికి నీళ్ళు కొలిచి పొయ్యమంటన్నారేంటండీ!" అన్నాడు బంగారరాజు.

డాక్టరు నవ్వలేదు. "ఈ రెండూ పాటిస్తే తిరుగుతారు. పాటించకపోతే ఈ చలికాలం గడవడం కష్టం. ఆమెకి చెప్తున్నాను, మీరూ వినండి."

భవాని విన్నది. ఇంటికి రాగానే ఆవకాయ జాడీని అత్తగారి మంచం కిందకి తోసింది. దండెం మీద ఎండుచేపలు తీసి దుర్గకి ఇచ్చేసింది. అన్నంలో, కూరలో ఉప్పు మానేసింది. మొగుడు కంచం తోసేశాడు, తిట్టాడు, ఈ కూడు గొడ్డుకి పెట్టినా తినదన్నాడు. ఆమె చలించలేదు. తనూ ఆ చప్పిడి కూడే తింది. నీళ్ళు సీసాతో కొలిచి పోసింది. పాలెంలో అంత కట్టుదిట్టంగా పథ్యం చేయించిన ఇల్లు వేరొకటి లేదని అత్తగారు అచ్చాయమ్మే ఒప్పుకుంది.

చారు మాత్రం ఆగలేదు. ఆపాలన్న ఊహే ఆమెకి రాలేదు. పథ్యం తిండికి కదా, చారు తిండి కాదు. చప్పిడి కూడు సయించక మనిషి నీరసపడుతున్నాడని, రెండు పూటల చారుని మూడు పూటలు చేసింది. సీసాలో కొలిచిన నీళ్ళకీ గిన్నెలో పోసిన చారుకీ సంబంధం ఉందని కూడా తోచలేదు.

తాగిన కాసేపు బంగారరాజు హాయిగా ఉండేవాడు. చెమట పట్టేది, మొహం వికసించేది, ఊరి కబుర్లు చెప్పేవాడు. పొద్దు వాలేసరికి కాళ్ళు బరువెక్కేవి. దిండ్లు ఎత్తు చేసుకుని కూర్చునే నిద్రపోయేవాడు. వాపు చీలమండలు దాటి పిక్కల్లోకి పాకింది.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు వేలితో కాలు నొక్కి చూశాడు. పడిన గుంట పూడలేదు.

"ఉప్పు తింటున్నారా?"

"అమ్మతోడండీ, కూట్లో ఉప్పు కల్లు పడట్లేదు."

"పచ్చడి? అప్పడాలు? ఎండుచేప?"

"అన్నీ మానేసేమండి. నేనూ మానేసేను."

"వేరే ఎవరి దగ్గరైనా మందు వాడుతున్నారా? పసరు, కషాయం, పొడులు?"

"లేదండీ."

ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదు. తిండి సంగతి అడిగినప్పుడు చారు ఆమె లెక్కలో మందు. మందుల సంగతి అడిగినప్పుడు అది ఇంట్లో కాచుకునే చారు. రెండు ప్రశ్నల నడుమ నుంచీ ఆ కుండ చల్లగా తప్పుకుంది. డాక్టరు మాత్రలు పెంచి పంపించాడు.

ఆ తరువాత వాయుగుండం పట్టింది. వానా గాలీ ఒకటై ఏట్లోకి పడవ దిగలేదు. మడ అడవిలోకి పీతలకి వెళ్ళేవాళ్ళే లేరు. కోళ్ళకి తెగులు తగిలి, బదులుగా చారు కాయడానికి నాటుకోడి కూడా దొరకలేదు. భవాని ఉప్పులేని గంజి కాచి పోసింది, అదీ సీసా కొలతలోనే. మందు ఆగిపోయిందే, మనిషి ఏమైపోతాడోనని ఆమె పూటకోసారి రేవుకి వెళ్ళి ఏటిని చూసొచ్చేది. వాన తెరిపిచ్చే నాటికి బంగారరాజు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. చీలమండ ఎముక మళ్ళీ కనబడుతోంది. కర్ర పట్టుకోకుండా రేవుదాకా నడిచి వచ్చాడు.

"చూసేవా," అంది అచ్చాయమ్మ. "అన్నాళ్ళు తాగిన చారు ఇప్పుడు పని చేస్తంది. మళ్ళీ మొదలెట్టు, నిలబడిపోతాడు."

భవాని మొదలెట్టింది. మూడు రోజులు గడవకుండా పిక్కలు నున్నగా మెరిశాయి. దిండ్లు మళ్ళీ ఎత్తయ్యాయి.

కూలికి వెళ్ళే రొయ్యల షెడ్డులో రొయ్యల తలలు గిల్లుతూ కూర్చున్నప్పుడు ఆమెకి ఆ సంగతి మొదటిసారి మనసులో గుచ్చుకుంది. చారు లేనన్నాళ్ళు తగ్గింది, వచ్చాక పెరిగింది. తప్పుగా అనుకుంటున్నానేమోనని మళ్ళీ మొదటినుంచి తలుచుకుంది. ఎటునుంచి తలుచుకున్నా అదే. అలా అనుకోవడమే పాపంగా తోచింది. మర్నాడు అమలాపురం వెళ్ళేటప్పుడు ఎవరికీ చెప్పకుండా ఖాళీ చారుగిన్నె ఒకటి సంచిలో పెట్టుకుంది.

"దీనితో మూడు పూటలు పోస్తన్నానండి," అని గిన్నె బల్ల మీద పెట్టింది. ఎలా కాస్తుందో చెప్పింది. గుప్పెడు ఉప్పు సంగతీ చెప్పింది.

విజయ్ కుమార్ గిన్నెని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"వానాకాలం ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతుందమ్మా?"

"నీరూరుతుందండి."

"ఈయన ఒంట్లో జరుగుతున్నది అదే. నేను మాత్రతో తోడుతున్నాను, మీరు గిన్నెతో నింపుతున్నారు."

"నా చేత్తోనేనాండి?" అంది భవాని.

డాక్టరు గిన్నెని ఆమె వైపు జరిపాడు. "ఇవాళ్టితో ఆపండి. వానల్లో తగ్గింది కదా, మళ్ళీ తగ్గుతుంది. ఇంకా చేయి దాటలేదు."

లోపల అంతా విన్న బంగారరాజు బయట ఆటో ఎక్కాక అడ్డంగా తల ఊపాడు. "ఆయనకేం తెలుసే? పీతంటే ఆయనకి ప్లేటులో వచ్చేది."

ఆ సాయంత్రం ఆమె ఉప్పు వేయకుండా చారు కాచి, చిన్న గ్లాసులో పోసి ఇచ్చింది. ఒక గుక్క తాగి గోడకేసి ఊశాడు. "ఇది చారా? పీతలు కడిగిన నీళ్ళు. ఉప్పు లేనిదే కఫం కరగదని పాలెమంతటికీ చెప్పింది నువ్వు కాదూ?"

"చెప్పేను. తప్పు చెప్పేను, మావా."

"ఇన్నేళ్ళు తప్పు చెప్పేవా? మరి బతికినోళ్ళంతా ఎలా బతికేరే?"

ఆమె కుండ బోర్లించి పెరట్లో పెట్టేసింది. మర్నాటి నుంచి గిన్నెలు రావడం మొదలైంది.

ఆ పాలెంలో ఒక ఆచారం ఉంది. ఒక ఇంట్లో మనిషి మంచం పడితే, ఆ ఇంట్లో చారు కాయలేనప్పుడు ఇరుగుపొరుగు ఇళ్ళు వంతులవారీగా కాచి పంపుతాయి. వచ్చిన గిన్నె ఖాళీ అయ్యే తిరిగి వెళ్ళాలి. మనిషి పోయిన ఇంటినుంచి తప్ప గిన్నె నిండుగా వెనక్కి వెళ్ళకూడదు. భవాని పొయ్యి మీద కుండ లేదన్న మాట దుర్గ నోట వాడంతా పాకింది. మొగుడి జబ్బుతో పాపం ఆమెకి చేతకావడం లేదనుకున్నారు. ఇన్నేళ్ళు ఆమె చేతి చారు తాగిన ఇళ్ళన్నీ రుణం తీర్చుకోవడానికి కదిలాయి. ప్రతి ఇంట్లోనూ అది ఆమె నేర్పిన చారే. గుప్పెడు ఉప్పు ఎవరూ మరిచిపోలేదు.

మొదటి గిన్నెని భవాని వెనక్కి ఇవ్వబోతే అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ గొంతెత్తని ముసలిది ఆ వేళ కేక వేసింది.

"నిండు గిన్నె గడప దాటిస్తావా? నా కొడుకు బతికుండగానే చచ్చేడని చాటిస్తావా?"

"తాగితేనే చస్తాడంట, అత్తా. డాక్టరు చెప్పేడు."

"డాక్టరు కన్నాడా వాణ్ణి? నేను కన్నాను."

భవాని గిన్నెని పెరట్లోకి తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసి, కడిగి, ఖాళీగా పంపించింది. ఆచారమూ చెడలేదు, మనిషీ తాగలేదు. తరువాతి గిన్నెలన్నీ అలాగే వెళ్ళాయి. కొన్నాళ్ళకి వాపు కాస్త జారింది. బంగారరాజు దిండొకటి తీసేశాడు. ఒడ్డున పడతామేమోనని ఆమెకి ఆశ పుట్టింది.

ఒకరోజు చెట్టు మొదట్లో, తెగులుకి మిగిలిన రెండు కోళ్ళు చారు మడ్డిని పొడుస్తుంటే బంగారరాజు చూశాడు.

"నాకొచ్చిన చారు కోళ్ళకి పోస్తన్నావా?" అరిచేందుకు ఊపిరి చాలక గొంతు కీచుమంది. "జనం కడుపు కట్టుకుని పీతలు కొని పంపితే, కోళ్ళకా? నేను పోతే నీకేం కలిసొస్తుందే?"

"నువ్వుండాలనే కదా, మావా."

"ఊపిరాడనిది ఎవరికి? నాకా, నీకా? తాగితే హాయిగా ఉందని నేనంటంటే, లేదని నువ్వు ఎలా అంటావే?"

మంచం గుమ్మంలోంచి వీధిలోకి ఈడ్పించుకున్నాడు. వచ్చే గిన్నెని అక్కడే, తెచ్చినవాళ్ళ ఎదుటే అందుకోవడానికి.

భవాని ఇల్లిల్లూ తిరిగింది. తిరిగిన ప్రతి గుమ్మంలోనూ చేతులు జోడించింది. డాక్టరు మాట చెప్పింది, ఉప్పు డబ్బా సంగతి చెప్పింది. "ఆయ్, అలాగే వదినా," అన్నారు కొందరు. "మా చేతి చారు పనికిరాదేంటి పిన్నీ?" అన్నారు కొందరు. దుర్గ మాత్రం మొహం మీదే అడిగింది.

"మా మావయ్యగారు నీ చారుతోనే లేచి తిరుగుతున్నారు, వదినా. నీ మొగుడి దగ్గరికొచ్చేసరికి విషమైపోయిందా?"

"ఆయనది జలుబమ్మా. ఈయనది గుండె."

"నువ్వే చెప్పేవు, ఛాతీ అంటే ఛాతీయేనని. ఇప్పుడు గుండె వేరు, ఛాతీ వేరా?"

ఆ మాట తను ఎప్పుడన్నదో భవానికి గుర్తు లేదు. అనే ఉంటుంది. అలాంటి మాటలు చాలా అంది.

"నీ కాళ్ళు పట్టుకుంటాను దుర్గా, పంపకు."

"సరేలే వదినా. పంపను," అంది దుర్గ, కళ్ళు తిప్పుకుని.

చెరువుల్లో రొయ్యలు పట్టే పట్టుబడి రోజులు కావడంతో మర్నాడు షెడ్డుకి తప్పకుండా రమ్మని కబురొచ్చింది. మాత్రలు వేయించి, గంజి తాగించి, నీళ్ళ సీసా మంచం పక్కన పెట్టి, అచ్చాయమ్మకి మరీ మరీ చెప్పి వెళ్ళింది భవాని. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి బంగారరాజు వీధిలో మంచం మీద చెమటలు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. మొహం కళకళలాడుతోంది. మంచం కింద రెండు గిన్నెలు ఖాళీగా ఉన్నాయి. మూడోది దుర్గ చేతిలో ఉంది.

"పాపం ఆయనే అడిగేరు వదినా," అంది దుర్గ. "నోరు తెరిచి అడిగితే ఎలా కాదంటాను?"

భవాని పేతురు ఆటో కోసం పరిగెత్తింది. పేతురు మలికిపురం కిరాయికి వెళ్ళి ఉన్నాడు. ఫోను చేస్తే బయల్దేరానన్నాడు. అంబులెన్సుకి చేస్తే అటు వైపు మరో కేసులో ఉందన్నారు. ఆటో వచ్చేలోపు హాయి అయిపోయింది. ముందు దగ్గు మొదలైంది, తరువాత ఊపిరితోపాటు లోపల నీళ్ళు మరుగుతున్నట్టు గురగుర. పెదాలు నల్లబడ్డాయి. పేతురు, భవాని చెరో రెక్కా పట్టి ఎక్కించారు. పడుకోలేడు, ముందు సీటు కడ్డీ పట్టుకుని వంగి కూర్చున్నాడు. భవాని వెనకనుంచి నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకుంది.

"పేతురూ, తొందరగా పోనియ్యి నాయనా."

"పోనిస్తన్నానక్కా. గోతులు చూసుకోవాలిగా."

అల్లవరం దాటాక బంగారరాజు నోటి వెంట నురగ వచ్చింది. తెల్లగా, కాస్త ఎర్ర చాయతో, పొంగినట్టు వచ్చింది. అరచేత్తో తుడుచుకుని, ఆ చేతిని ఆమెకి కనబడేలా పైకి ఎత్తాడు. కళ్ళలో గెలిచినవాడి వెలుగుంది.

"చూసేవా... కరుగుతంది," అన్నాడు. "కఫం... వచ్చేస్తంది. నే చెప్పలా?"

"మాట్లాడకు, మావా."

"ఇంకో గిన్నె పడుంటే..."

తరువాతి మాట రాలేదు. కడ్డీ మీది పట్టు జారి, తల ముందుకి వాలింది. ఆమె రెండు చేతుల మధ్య ఆయన నడుం ఇంకా వెచ్చగానే ఉంది. పేతురు ఆపనా అని అడిగితే వద్దని చెప్పింది.

ఆసుపత్రి గుమ్మంలో ఆటో దగ్గరికే వచ్చి విజయ్ కుమార్ నాడి చూశాడు, రెప్పలెత్తి టార్చి వేసి చూశాడు. ప్రాణం పోయి కాసేపయిందని చెప్పాడు. గుండె పని చేయలేక ఊపిరితిత్తుల నిండా నీరు చేరడం వల్ల మరణం సంభవించింది. నోటి దగ్గర ఉన్నది కఫం కాదు, ఆ నీరే.